నిరీక్షణలో సీనియారిటీ

మా ఊళ్ళో నాకు ఉద్యోగం వచ్చి రెండేళ్ళయింది. హైదరాబాదులో ఇంకా రాలేదు.

ఇది అర్థం కావాలంటే ఆఫర్ లెటర్ అనే కాగితం గురించి కొంచెం చెప్పాలి. నేను ఉదయగిరి దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో చదివి, కావలిలో ఇంజనీరింగ్ చేశాను. చివరి ఏడాదిలో ఒక కంపెనీ వాళ్ళు వచ్చి మమ్మల్ని వరసగా కూర్చోబెట్టి ప్రశ్నలడిగారు. అలా చుట్టుపక్కల కాలేజీలన్నీ తిరిగి నాలుగు వందల పన్నెండు మందిని ఎంచుకుని లెటర్లు ఇచ్చారు. లెటర్లో జీతం ఉంది, హోదా ఉంది, ఆఫీసులో ఏ రంగు బూట్లు వేసుకోవాలో కూడా ఉంది. చేరవలసిన తేదీ అన్నచోట మాత్రం 'త్వరలో తెలియజేయబడును' అని ఉంది. మా నాన్న ఆ సాయంత్రమే దాన్ని లామినేషన్ చేయించాడు. లామినేషన్ చేసిన కాగితం మీద తర్వాత తేదీ రాయడం కుదరదని అప్పుడు మాకెవరికీ తట్టలేదు.

ఆ ఏడే మాంద్యం వచ్చింది. అది ఎక్కడో సముద్రాల అవతల మొదలైందని పేపర్లో రాశారు. మా దాకా రావడానికి దానికి ఎక్కువ రోజులు పట్టలేదు. కంపెనీకి పనులు తగ్గాయి. లెటర్లు రద్దు చేస్తే పేరు పోతుంది, మమ్మల్ని చేర్చుకుంటే జీతాలివ్వాలి. పేరూ జీతాలూ రెండూ మిగిలే దారి ఒకటే ఉంది, మమ్మల్ని ఎదురుచూడమనడం. కంపెనీ ఆ దారిన వెళ్ళింది. పరిశీలన కోసమని మా ఒరిజినల్ సర్టిఫికెట్లు తెప్పించుకుని దగ్గర పెట్టుకుంది.

ఎనిమిది నెలల తర్వాత ఒక మెయిల్ వచ్చింది. కంపెనీ మెయిళ్ళన్నీ ఇంగ్లీషులోనే ఉండేవి. నాకు అర్థమైన మేరకు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. 'ప్రియమైన భవిష్యత్ సహోద్యోగీ, మీలో కొందరు ఎదురుచూడటంలో అశ్రద్ధ చూపుతున్నట్టు మా దృష్టికి వచ్చింది. ఎదురుచూడటం అనేది ఇళ్ళ దగ్గర, ఎవరికి తోచిన పద్ధతిలో వాళ్ళు చేసే పని కాదు. వచ్చే మంగళవారం నుంచి ప్రతి మంగళవారం ఉదయం పది గంటలకు మా కార్యాలయానికి వచ్చి, సాయంత్రం ఐదు వరకు సంస్థాగతంగా ఎదురుచూడవలసిందిగా కోరుతున్నాము.'

మంగళవారం మంగళవారం ఉదయగిరి నుంచి వచ్చిపోవడం కుదరదు. అమీర్‌పేటలో ఒక లేడీస్ హాస్టల్లో చేరాను. మిగతా రోజుల్లో దగ్గర్లోని టైలర్ షాపుకు చీరల ఫాల్స్ కుట్టేదాన్ని.

కంపెనీది పెద్ద అద్దాల బిల్డింగు. మాకు కేటాయించిన చోటు మాత్రం సెల్లార్లో, మాంద్యం వల్ల మూసేసిన క్యాంటీన్. గోడల మీద ఇడ్లీ, వడ బొమ్మలు ఇంకా ఉన్నాయి. గుమ్మం దగ్గర వేలిముద్ర మెషిన్ పెట్టారు. మూడుసార్లు ఆలస్యమైతే ఒక రోజు ఎదురుచూడనట్టు లెక్క.

మా కోసం 'నిరీక్షణ వ్యవహారాల విభాగం' అని కొత్తగా తెరిచారు. దాని అధిపతి చక్రధర్ గారు. ఆయనతో కలిపి విభాగంలో ఏడుగురు. మాకు ఉద్యోగాలు ఇవ్వకుండా ఉంచడానికి ఏడు ఉద్యోగాలు ఏర్పడ్డాయి.

మొదటి మంగళవారం ఆయన మైకు పట్టుకుని మాట్లాడారు.

"ఖాళీగా కూర్చోవడం వేరు, నిరీక్షించడం వేరు. ఖాళీగా ఎవరైనా కూర్చుంటారు. నిరీక్షణ ఒక స్కిల్. దేనికోసం కూర్చున్నామో ఆ స్పృహతో కూర్చోవాలి. వెన్ను నిటారుగా ఉండాలి, మొహంలో ఆశ కనపడాలి, కానీ ఆత్రం కనపడకూడదు. ఈ జర్నీని మనమంతా ఓన్ చేసుకోవాలి."

అందరూ చప్పట్లు కొట్టారు. వెనక వరసలో ఎవరో, "సార్, మధ్యాహ్నం భోజనం?" అని అడిగారు.

"అది కూడా నిరీక్షణలో భాగమే," అన్నారు చక్రధర్ గారు.

సెలవు పెట్టాలంటే మన బదులు ఎదురుచూసే మనిషిని మనమే తెచ్చుకోవాలి. సిద్దిపేట అబ్బాయి ఒకడు చెల్లెలి పెళ్ళికని రెండు వారాలు సెలవడిగి, వాళ్ళ మేనమామను పంపాడు. ఆయన తువ్వాలు భుజాన వేసుకుని వచ్చి రెండు మంగళవారాలు కదలకుండా కూర్చున్నాడు. ఆయన్ను చూసి నేర్చుకోమని మాకు చెప్పారు.

*

రెండో నెలలో జోడీ పద్ధతి వచ్చింది. ప్రతి నిరీక్షకుడికీ ఒక సహనిరీక్షకుడు ఉంటాడు. ఇద్దరూ వారం వారం ఒకరి గురించి ఒకరు ఒక ఫారం నింపాలి. కంప్యూటరు జోడీలు కలిపింది. నాకు ప్రొద్దుటూరు అబ్బాయి ఓబులేసు వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, చొక్కా జేబులో ఎప్పుడూ ఒక చిన్న స్క్రూడ్రైవర్‌తో ఉండేవాడు.

ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుని, "నా ఓపికకు పదికి ఎంత వేస్తారండీ?" అని అడిగాడు.

"ఎంతుంది?"

"పొద్దున బస్సెక్కేటప్పుడు ఎనిమిది ఉండె. ఈ కుర్చీ చూసినాక ఆరు."

"ఏడు వేస్తాను."

"మీరు మంచోళ్ళు. మీకు నేను తొమ్మిది వేసేసినా. మాట్లాడనోళ్ళకు ఓపిక ఎక్కువ అనుకుంటారులే ఈళ్ళు."

ఫారంలో నాలుగో ప్రశ్న, 'మీ సహనిరీక్షకులు ఈ వారం ఎన్నిసార్లు నిరాశపడ్డారు? సందర్భాలు తెలపండి.' ఏడో ప్రశ్న, 'వారికి నిద్ర సరిగా పడుతున్నదా?' తొమ్మిదో ప్రశ్న, 'వారు దేనికి భయపడుతున్నారని మీరు భావిస్తున్నారు?' పెళ్ళిచూపుల్లో కూడా ఎవరూ ఎవరినీ ఇలాంటివి అడగరు. మేము ప్రతి మంగళవారం అడుక్కున్నాం, ఎందుకంటే ఏ గడీ ఖాళీగా వదిలినా ఫారం వెనక్కి వచ్చేది.

అలా నాకు తెలిసింది, వాళ్ళ నాన్న ప్రొద్దుటూరులో కాటాలు బాగుచేస్తాడని, ఓబులేసుకు కూడా ఆ పని వచ్చని, మిగతా రోజుల్లో ఎర్రగడ్డ కూరగాయల మార్కెట్టులో కాటాలు చూస్తుంటాడని.

"పని బాగా దొరుకుతుందా?" అని అడిగాను.

"కాటా తప్పు చూపిస్తే బాగుచేయమంటారు. సరిగ్గా చూపిస్తే పాడుచేయమంటారు. నాకు మొదటి పనే వచ్చు. అందుకని సగం దొరుకుతాది."

నాలుగో ప్రశ్న కింద నేను రాశాను: 'రెండుసార్లు నిరాశపడ్డారు. రెండుసార్లూ నవ్వుతూ చెప్పారు.' అతను నా గురించి ఏం రాశాడో చూపించమంటే చూపించలేదు. విభాగం వాళ్ళకు మాత్రమే చూపించాలని నియమం.

కొన్నాళ్ళకు 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. ఎప్పుడు మారిందో ఇద్దరమూ గమనించలేదు. నేను గమనించాను గానీ చెప్పలేదు.

*

రెండో ఏడు కంపెనీ మళ్ళీ కాలేజీలకు వెళ్ళి ఇంకో మూడు వందల మందికి లెటర్లిచ్చింది. చేర్చుకోనప్పుడు ఎందుకిచ్చారని మీరడగవచ్చు. లెటర్లిచ్చే విభాగం వేరు, చేర్చుకునే విభాగం వేరు. ఒకరి పని ఆగిందని ఇంకొకరు ఆపుకోలేరు.

కొత్తవాళ్ళు రాగానే సెల్లార్లో సీనియారిటీ సమస్య వచ్చింది. నిన్నగాక మొన్న ఎదురుచూడటం మొదలుపెట్టినవాళ్ళూ, ఏడాదిగా ఎదురుచూస్తున్నవాళ్ళూ ఒకే వరసలో కూర్చోవడం న్యాయం కాదని పాతవాళ్ళు వినతిపత్రం ఇచ్చారు. చక్రధర్ గారు చాలా సంతోషించారు. హోదాలు ప్రకటించారు. జూనియర్ నిరీక్షకుడు, నిరీక్షకుడు, సీనియర్ నిరీక్షకుడు, ఆపైన లీడ్. వార్షిక మదింపు కూడా పెట్టారు. నూటికి పదిమందికే 'అత్యుత్తమ నిరీక్షణ' ఇవ్వాలి. అడుగున ఉన్న ఐదుగురిని మెరుగుదల ప్రణాళికలో వేశారు. వాళ్ళు బుధవారం కూడా వచ్చి కూర్చోవాలి.

నేను ఎక్కువ మాట్లాడను, కుర్చీలో అటూ ఇటూ కదలను. చిన్నప్పుడు ఐదు తరగతులకు ఒకే టీచరున్న బడిలో చదవడం వల్ల మా వంతు వచ్చేదాకా ఊరికే కూర్చోవడం నాకు అలవాటు. అది గుర్తించి నన్ను లీడ్ చేశారు. ఈ మాట హాస్టల్ వార్డెన్ ద్వారా మా ఊరి దాకా వెళ్ళింది. అమ్మ ఫోన్ చేసింది.

"ప్రమోషనంట గదా మే. జీతం పెంచినారా?"

"అంతే ఉందమ్మా."

"పోన్లే. తగ్గించలేదు గదా. ఈ రోజుల్లో అదే పదివేలు."

నేను అబద్ధం చెప్పలేదు. అమ్మ సరైన ప్రశ్న అడగలేదు, అంతే.

ఓబులేసు సీనియర్ దగ్గరే ఆగిపోయాడు. సెల్లార్ గుమ్మంలో ఉన్న వేలిముద్ర మెషిన్ ఒకరోజు చెడిపోతే స్క్రూడ్రైవర్‌తో బాగుచేశాడు. నిరీక్షణ సమయంలో పని చేసినందుకు అతనికి మార్కులు తగ్గించారు.

*

ఆ తర్వాత విభాగం వాళ్ళు ఒక సర్వే చేశారు. కెమెరాలు పెట్టి మా మొహాలు పరిశీలించారు. మధ్యాహ్నం ఒంటిగంటకు భోజనాల వేళ, సాయంత్రం ఐదింటికి బస్టాపు వేళ మా మొహాల్లో ఆశ పెరుగుతోందని, మిగతా సమయమంతా మామూలుగా ఉంటోందని తేలింది. చక్రధర్ గారు అత్యవసర సమావేశం పెట్టారు.

"మీ నిరీక్షణలో లీకేజీ ఉంది," అన్నారు. ఆయన గొంతులో నిజమైన బాధ ఉంది. "ఒక మనిషికి ఉండే నిరీక్షణ సామర్థ్యం పరిమితం. అది వంద శాతం సంస్థకు దక్కాలి. మీరు పక్క కుర్చీ మనిషి కోసం కొంత, ఫోన్ కోసం కొంత, ఎక్కడో రాసిన పరీక్ష ఫలితాల కోసం కొంత వాడేస్తే, మా కోసం ఏం మిగులుతుంది? దీన్ని ద్వంద్వ నిరీక్షణ అంటారు. ఇది విశ్వాసానికి సంబంధించిన విషయం."

అందరి చేతా ఒక డిక్లరేషన్ మీద సంతకం పెట్టించారు. 'నేను ఈ సంస్థలో నియామకం కోసం తప్ప వేరే ఉద్యోగం కోసం గానీ, ప్రభుత్వ నోటిఫికేషన్ కోసం గానీ, ఏ వ్యక్తి కోసం గానీ, పదిహేను నిమిషాలకు మించి ఏ బస్సు కోసం గానీ ఎదురుచూడటం లేదని ఇందుమూలముగా ప్రకటిస్తున్నాను.' గర్భిణులకు తొమ్మిది నెలల మినహాయింపు ఇచ్చారు.

ఓబులేసు సంతకం పెట్టాడు. నేనూ పెట్టాను. పెట్టేటప్పుడు ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

మరుసటి మంగళవారం భోజనాల వేళ అతను నన్ను బిల్డింగు ఎదురుగా ఉన్న టీ బండి దగ్గరికి రమ్మన్నాడు.

"మిర్యాలగూడలో జానకిరాములు గారని ఒకాయన ఉండాడు. రైసు మిల్లుల్లో లారీలు తూచే పెద్ద కాటాలుంటాయి చూడు, అవి పెట్టే కంపెనీ ఆయనది. నా పని చూసినాడు. రమ్మంటాండాడు. నిజం ఉద్యోగం. నెల నెలా జీతం."

"ఎప్పటి నుంచి?"

"ఈ సోమవారం కాదు, పై సోమవారం. పొద్దున తొమ్మిదికి ఒరిజినల్ సర్టిఫికెట్లతో ఉండాల. తూనికల శాఖ లైసెన్సుకు చూపించాలంట. ఒక్క రోజు దాటినా వేరేవాళ్ళను పెట్టుకుంటాడు. బయట వందమంది ఉండారు."

నేను టీ ఊదుకుంటున్నాను.

"ఇంకోటి," అన్నాడు. "కాటా పరీక్ష చేసినాక రిపోర్టులు రాయడానికి ఇంకో ఇంజనీరు కావాలంట ఆయనకు. కుదురుగా కూర్చుని రాసే మనిషి. నాకు తెలిసిన మనిషి ఉండాదన్నా. వస్తాదని చెప్పలే. రాదని కూడా చెప్పలే."

"అక్కడ ఇల్లు దొరుకుతుందా?"

"దొరుకుతాది. కానీ పెళ్ళయినోళ్ళకే ఇస్తారంట."

అతను చెవుల దాకా ఎర్రబడ్డాడు. నేను టీ అంతా తాగి, గ్లాసు బండి మీద పెట్టి, "సర్టిఫికెట్లు అడుగుదాం పద," అన్నాను.

*

చక్రధర్ గారు మా అర్జీలు రెండుసార్లు చదివారు.

"రిలీవ్ చేయమంటున్నారు. చాలా బాధాకరం. సరే, మీరు జాయినయిన తేదీ ఎంత?"

"ఇంకా జాయిన్ కాలేదు కదా సార్," అన్నాడు ఓబులేసు.

"జాయిన్ కాని మనిషిని రిలీవ్ చేసే ప్రొవిజన్ లేదు. ముందు జాయినవ్వాలి, తర్వాత తొంభై రోజుల నోటీసు ఇవ్వాలి, అప్పుడు డాక్యుమెంట్లు రిలీజవుతాయి. ప్రాసెస్ చాలా సింపుల్."

"జాయిన్ చేసుకోండి మరి."

"అది వేరే విభాగం."

బయటికి వచ్చాక ఓబులేసు మెట్ల మీద కూలబడ్డాడు. జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి చేతిలో తిప్పుతూ, "ఈ బిల్డింగులో ఏ మర బిగించాలో తెలిస్తే బాగుండు," అన్నాడు.

నేను ఆ వారమంతా ఫాల్స్ కుట్టలేదు. రెండేళ్ళలో వచ్చిన సర్క్యులర్లన్నీ తీసి మొదటి నుంచి చదివాను. నలభై మూడున్నాయి. మా అందరిలో వాటిని పూర్తిగా చదివినదాన్ని నేనొక్కదాన్నే అనుకుంటాను. వాటిని రాసినవాళ్ళు కూడా చదివినట్టు లేరు. ముప్పై ఎనిమిదో దాంట్లో కింద చిన్న అక్షరాల్లో దొరికింది. 'ద్వంద్వ నిరీక్షణ రుజువైన వ్యక్తిని అదే రోజు తొలగించి, అతనికి చెందిన సమస్త పత్రాలనూ తక్షణమే అప్పగించవలెను. సంస్థ ఆవరణలో అట్టి వ్యక్తి జాడ మిగలరాదు.'

ఓబులేసుకు ఫోన్ చేశాను.

"నా మీద కంప్లయింట్ రాయి."

"ఏమని?"

"నేను నీ కోసం ఎదురుచూస్తున్నానని. నేను నీ మీద రాస్తాను."

వెనక మార్కెట్టులో ఎవరో టమాటాలు అరుస్తున్నారు.

"ఇది నిజంగానా, కంప్లయింట్ కోసమా?" అన్నాడు.

"నువ్వు రాయి. మిగతాది కమిటీ తేలుస్తుంది."

*

జానకిరాములు గారి సోమవారానికి ముందు మిగిలింది ఒక్క మంగళవారం. కమిటీ ఆరోజు కూర్చుంది. పై అంతస్తులో పొడుగాటి బల్ల. చక్రధర్ గారు, పక్కన లీగల్ విభాగం మేడమ్, చివర్లో లాప్‌టాప్ ముందు మినిట్స్ రాసే అమ్మాయి. మేమిద్దరం ఎదురుగా కూర్చున్నాం.

మినిట్స్ అమ్మాయి మా కంప్లయింట్లు పైకి చదివింది. తన గొంతులో నా మాటలు వింటుంటే నాకు పొలం సర్వే నంబర్లు చదువుతున్నట్టు అనిపించింది.

"ఇలాంటివి ఆరోపించడం సులువు," అంది లీగల్ మేడమ్. "ఆధారాలు కావాలి. ఓబులేష్, ఈమె మీ కోసం ఎదురుచూస్తోందని ఎలా చెప్పగలరు?"

"మంగళవారం టిఫిన్ బాక్సులో రెండు చపాతీలు ఎక్కువ తెస్తాది మేడమ్."

"మిగిలినవి అయి ఉండొచ్చు."

"హాస్టల్లో ఎప్పుడూ ఏమీ మిగలవు మేడమ్. అడిగి చూడండి."

"అది సందర్భ సాక్ష్యం. బలంగా లేదు. మీ వైపు నుంచి? మీరు ఆమె కోసం ఎదురుచూశారా?"

ఓబులేసు తల వంచుకున్నాడు. "సెల్లార్లోకి ఎవరైనా దేనికోసం వస్తారు మేడమ్. ఈ ఉద్యోగం రాదని నాకు పోయిన ఏడే తెలిసింది. మంగళవారాలు మానలే."

మినిట్స్ అమ్మాయి గబగబా టైపు చేసింది. చక్రధర్ గారు కుర్చీలో వెనక్కి వాలి, పెద్ద మోసం బయటపడినట్టు నిట్టూర్చారు. "విశ్వాసఘాతుకం," అన్నారు. "ఒప్పుకోలు కూడా ఉంది. ఇక హైమా, మీరు చెప్పండి. మీరు లీడ్. మీ మీద వచ్చిన ఆరోపణ అబద్ధమనే మా నమ్మకం."

"అబద్ధం కాదు సార్. ఆగస్టులో ఒక మంగళవారం బాగా వాన పడింది. మేం కలిసి బస్సెక్కే వేళకు ఇతను రాలేదు. అమీర్‌పేట బస్టాపులో నలభై నిమిషాలు నిలబడ్డాను."

"బస్సుల్లేక?"

"పదకొండు వెళ్ళాయి సార్. మూడు ఖాళీగానే ఉన్నాయి."

"ఫోన్ చేసి ఉండొచ్చు కదా," అంది మేడమ్.

"చేస్తే పరిగెత్తుకొస్తాడు మేడమ్. రోడ్డంతా తడిగా ఉంది."

టైపు చేసే చప్పుడు ఆగింది. ఓబులేసు నా వైపు తిరిగాడు. ఆ రోజు అతను వచ్చేసరికి నేను గొడుగు మడుస్తున్నాను, అప్పుడే వచ్చాననుకున్నాడు. నేనెప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు ముగ్గురు అధికారుల ముందు, రికార్డులో నమోదయ్యేలా తెలుసుకున్నాడు.

కమిటీ పావుగంట గుసగుసలాడుకుంది. తర్వాత చక్రధర్ గారు తీర్పు చదివారు.

"ఓబులేష్ విషయంలో ద్వంద్వ నిరీక్షణ రుజువైంది. తక్షణం తొలగిస్తున్నాం. హైమ విషయంలో కమిటీ వేరే అభిప్రాయానికి వచ్చింది. వానలో, పదకొండు బస్సులు వదులుకుని, ఫోన్ చేయకుండా, ఫిర్యాదు చేయకుండా, నిలబడి. ఇది నేరం కాదు, టాలెంట్. ఇలాంటి నిరీక్షణ ఈ సంస్థ ఆస్తి. దీన్ని వదులుకోలేం. ఈ క్షణం నుంచి మీరు ప్రిన్సిపల్ నిరీక్షకురాలు. కంగ్రాట్స్."

సెక్యూరిటీ మనిషి ఓబులేసుకు ప్లాస్టిక్ కవర్లో సర్టిఫికెట్లిచ్చి, భుజం మీద చెయ్యి వేసి తలుపు దాకా తీసుకెళ్ళాడు. గుమ్మంలో ఓబులేసు ఆగి, "కింద టీ బండి కాడ ఉంటా," అన్నాడు. తర్వాత ఆ గదిలో వాళ్ళు ముగ్గురూ నేనూ మిగిలాం. బల్ల మీద ఇంకో ప్లాస్టిక్ కవర్ ఉంది. దాని మీద నా పేరుంది. చక్రధర్ గారు దాన్ని తన వైపు జరుపుకున్నారు.

"సార్, ఒకటి అడగొచ్చా?"

"నిస్సంకోచంగా. మనది ఓపెన్ కల్చర్."

"జాయినింగ్ ఎప్పుడు?"

ఇన్నాళ్ళలో ఆ మాట ఎవరూ అడగలేదు. అడిగితే ఓపిక మార్కులు పోతాయని ఏడు వందల పైచిలుకు మందిమి ఒకరికొకరం నేర్పుకున్నాం. ఏసీ చప్పుడు వినపడింది. ఆ చప్పుడులోంచి టకటకమని నాలుగైదు అక్షరాలు పడ్డాయి.

చక్రధర్ గారు ఉలిక్కిపడ్డారు. "అమ్మాయ్, అది రాయొద్దు."

"రాసేశాను సార్," అంది మినిట్స్ అమ్మాయి. "కమిటీ మినిట్స్‌లో కొట్టివేతలు ఉండకూడదు. పదిహేడో సర్క్యులర్."

"రికార్డులో ప్రశ్న ఉంటే ఏడు పనిదినాల్లో రాతపూర్వకంగా జవాబివ్వాలి," అంది లీగల్ మేడమ్, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ. "మనమే పెట్టాం."

ఆయన పై అంతస్తుకు ఫోన్ చేశారు. వాళ్ళు ఆ పై అంతస్తుకు చేశారు. ఆపైన ఎవరో బెంగళూరుకు చేశారట. నేను కదలకుండా కూర్చున్నాను. తేదీ ఫలానా అని రాస్తే ఏడు వందల మందిని చేర్చుకోవాలి, అప్పుడు చక్రధర్ గారి విభాగానికి పని ఉండదు. తేదీ లేదని రాస్తే ఏడు వందల మంది లేచి ఇళ్ళకు పోతారు, అప్పుడూ ఆయన విభాగానికి పని ఉండదు. ఆయన మొహంలో మొదటిసారి ఆత్రం కనపడింది. ఆయనకు కూడా ఇంటి దగ్గర ఎవరో ఉంటారని, ఈ మాంద్యంలో ఆయనకూ ఇంకో చోటు దొరకదని అప్పుడు తోచింది. కానీ ప్రశ్న వెనక్కి తీసుకోలేదు.

చివరికి లీగల్ మేడమ్ దారి కనిపెట్టింది.

"కొట్టివేయడం కుదరదు. కానీ సమావేశమే జరగకపోతే మినిట్స్ ఉండవు. సమావేశం జరగలేదంటే ఈ అమ్మాయి ఇక్కడ ఉండకూడదు. ఇక్కడే కాదు, రోల్స్‌లోనే ఉండకూడదు."

"అంటే మొదటి నుంచీ..." అన్నారు చక్రధర్ గారు.

"మొదటి నుంచీ లేదు."

ఆయన నా కవర్ నా వైపు తోశారు. నేను తెరిచి, టెన్త్ మెమో నుంచి డిగ్రీ వరకు ఒక్కొక్కటే చూసుకున్నాను.

"సంతకం ఎక్కడ పెట్టాలి సార్?"

"లేని మనిషి సంతకం తీసుకోకూడదు," అంది మేడమ్.

టిఫిన్ బాక్సు కోసం సెల్లార్‌కు దిగితే గుమ్మం దగ్గర కొత్త బ్యాచ్ అమ్మాయి ఒకతి నా చేతిలో కవర్ చూసింది.

"ఏంటక్కా, ప్రమోషనా?"

"కాదు. వెళ్ళిపోతున్నా."

"అయితే లీడ్ పోస్టు ఖాళీనా?" అంది. నేను మెట్లెక్కి గేటు దాకా వెళ్ళేసరికి గుమ్మం దగ్గర పదిమంది క్యూ కట్టారు.

*

మిర్యాలగూడ బస్సులో ఓబులేసు చాలాసేపు కిటికీలోంచి బయటికి చూసి, ఇటు తిరిగి, "నిజంగా నలభై నిమిషాలు నిల్చున్నావా?" అన్నాడు.

"లేదు. గంట పైనే. కమిటీ నమ్మదేమోనని తగ్గించి చెప్పాను."

నార్కెట్‌పల్లి దాటాక అమ్మకు ఫోన్ చేశాను. హైదరాబాదులో నాకు ఎప్పుడూ ఉద్యోగం రాలేదని, ఇప్పుడు వచ్చేట్టుందని, ఒక అబ్బాయి ఉన్నాడని, మూడూ ఒకేసారి చెప్పాను. అమ్మ మొదటి రెండూ విననట్టే ఉంది. "ఏ ఊరి పిల్లోడు?" అంది.

సోమవారం తొమ్మిదికి పది నిమిషాలుండగా జానకిరాములు గారి ఆఫీసుకు వెళ్ళాం. ముందు గదిలో రెండు కాటాలు, వెనక షెడ్డులో ఇనప పలకలు. ఆయన డెబ్బై ఏళ్ళ మనిషి, తెల్ల బనీను మీద చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు. ఓబులేసును ఒక కాటా విప్పమన్నాడు. నన్ను ఒక పాత రిపోర్టు చూసి తప్పు ఎక్కడుందో చెప్పమన్నాడు. నేను మూడు చూపించాను. ఆయన తలూపాడు.

"మంచిది బిడ్డా. మీరిద్దరూ ఇయ్యాల్టి నుంచే పనిల ఉన్నట్టు. ఒరిజినల్స్ ఇటియ్యండి, బీరువల పెడ్త. గిదివరకు ఒకడు పని నేర్చుకొని చెప్పకుండ పోయిండు, అప్పటిసంది గిదే పద్ధతి."

ఓబులేసు చెయ్యి కవర్ మీదికి వెళ్ళింది. ఆ చెయ్యి మీద నా చెయ్యి వేశాను.

"ఎప్పుడు తిరిగిస్తారండీ?" అన్నాను.

ఈ మాట ఆయన్ను కూడా ఎవరూ అడిగినట్టు లేరు.

"అంటే... పోయేటప్పుడు ఇస్త."

"తేదీ వేసి కాగితం మీద రాసివ్వండి."

ఆయన నన్ను చూశాడు, ఓబులేసును చూశాడు, గోడ మీద క్యాలెండర్ను కూడా ఒకసారి చూశాడు. తర్వాత బీరువా తాళంచెవి మళ్ళీ నడుముకు దోపుకున్నాడు.

"జిరాక్సులు చాల్లే బిడ్డా," అన్నాడు.

జిరాక్స్ సెంటరు బస్టాండు పక్కన ఉందట. పది నిమిషాల నడక. ఒరిజినల్స్ నేను పట్టుకున్నాను, గొడుగు ఓబులేసు పట్టుకున్నాడు. ఇద్దరం నడిచి వెళ్ళాం.